మోరీ అడిగిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. నెక్కొండలో పొద్దుటి పాసింజరెక్కి వరంగల్‌లో దిగిన వాళ్ల వాడ ఆడమనిషి ఒకామె, మట్టెవాడలోని మా ఇంటి గడప దాకా తడి చీరతోనే నడిచొచ్చి ఆ మాట చెప్పింది. "మీ పెద్దమ్మ లేదు బిడ్డా. నిన్న మాపటీలి పరదా కింద కూసోని బువ్వ తింటాంది. చెయ్యి కంచంలనే ఉన్నది, పానం పోయింది. మీ అవ్వను తోల్కొని జల్ది రా."

మా అమ్మ, అంటే పెద్దమ్మకు సొంత చెల్లెలు, అక్కడే కూలబడి ఏడుపు అందుకుంది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. చావు కబురు విని కోపం తెచ్చుకునే మనిషిని ఎక్కడైనా చూశారా? నన్ను చూడండి. ఆ కోపం ఎవరి మీదనో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. ఆమె మంచితనం గురించి కూడా రాస్తాను గానీ, నా చేతిలో అది కూడా కోపంగానే వస్తుందేమో, ఓర్చుకోండి.

పన్నెండేళ్లు మా పెద్దమ్మ సర్కారును అడిగింది ఒక్కటే. మోరీ. రోడ్డు కింద నుంచి వాన నీళ్లు అవతలికి పోవడానికి రెండు సిమెంటు పైపులు వేస్తారే, అది. భూమి అడగలేదు, పింఛను అడగలేదు, ఎవరినీ శిక్షించమని అడగలేదు. రెండు పైపులు. అవి కూడా ఎడ్లబండి మీద పట్టేవి.

సంగతేమిటంటే, వాళ్ల ఊరికి డెబ్బైల నడుమ రోడ్డు పడింది. అంతకు ముందు బండ్ల బాట ఉండేది. పైనున్న చేన్లలో పడ్డ వాన ఆ బాట మీదుగా పారి వాగులో కలిసేది. రోడ్డు వేసినవాళ్లు బాటను మట్టితో నిలువెత్తు లేపి కట్టలాగా చేశారు. రోడ్డు పడుతుందని మా పెద్దమ్మ ఎంత సంబరపడిందంటే, మట్టి మోసే కూలీలకు రోజూ కుండతో అంబలి తీసుకుపోయి పోసేది. "బస్సస్తదే బిడ్డా, ఇగ నేను మీ ఇంటికి నడువకుంట వస్త" అని నాతో అన్నది. బస్సు వచ్చింది. ఆ వానాకాలమే నీళ్లూ వచ్చాయి. పైనుంచి దిగిన నీళ్లకు దారి లేక కట్టకు ఇవతలే ఆగిపోయాయి. ఇవతల ఉన్నది పెద్దమ్మ రెండెకరాల చేను, ఆమె ఇంటితో కలిపి ముప్పై కూలోళ్ల ఇళ్లు. దసరా దాకా ఆ నీళ్లు కదలలేదు. అప్పటి నుంచి ఏటా అంతే. వానలు మొదలు కాగానే ముప్పై ఇళ్ల వాళ్లూ సామాన్లు నెత్తిన పెట్టుకుని రోడ్డు కట్ట మీదికి ఎక్కడం, అంచున టార్పాలిన్ పరదాలు కట్టుకుని మూడు నెలలు బతకడం.

మా పెద్దమ్మకు అడుగులు, అంగుళాలు రావు. నీళ్లను ఒంటితోనే కొలిచేది. "మొన్న పిక్కల దాక ఉండె, గియ్యాల మోకాళ్లు దాటినయి" అనేది. చదువు లేదు. పిల్లలు లేరు. పెనిమిటి రోడ్డు పడక ముందే కాలం చేశాడు. మాట మాత్రం ఉంది, గట్టిగా.

మొదట ఓవర్సీరు దగ్గరికి పోయింది. ఎస్టిమేటులో మోరీ లేదన్నాడు. "ఎస్టిమేటుల లేకపోతే ఏమాయె సారూ, వాన ఉన్నది గద" అని అడిగింది. అతను నవ్వి పంపేశాడు. పెద్దాఫీసుకు పోతే చిన్నాఫీసుకు పొమ్మన్నారు. చిన్నాఫీసులో అర్జీ తీసుకుని, ఎక్కడ పెట్టారో మరుసటేడు వాళ్లకే తెలియదు. అట్లా నాలుగు వానాకాలాలు గడిచాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

నేనప్పటికే టైపు హయ్యరు పాసై, హన్మకొండలో కోర్టు గోడ పక్కన రేకుల షెడ్డులో మిషను పెట్టుకుని వకీళ్లకు దావాలు, జవాబులు కొట్టి ఇస్తుండేదాన్ని. నా దగ్గర కాగితాలు కొట్టించుకునే ఒక పెద్ద వకీలు సారు దగ్గరికి ఆమెను తీసుకుపోయాను. మంచివాడే. కాస్త మరుపు మనిషి. ఆ మరుపే మమ్మల్ని ముంచింది.

మొదటి దావా వేసిన తీరు ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే మంట. వానలు దగ్గర పడుతున్నాయని ఆదరాబాదరాగా వేశాం. సర్కారు వకీలు లేచి ఒకే మాట అన్నాడు. సర్కారు మీద దావా వేయాలంటే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, ఇవ్వలేదు. అంతే, కాగితాలు వాపసు. వరండాలో ఈ సంగతి విడమరిచి చెప్తే పెద్దమ్మ నా వైపు వింతగా చూసింది.

"నోటీసా? మా ఇండ్లల్లకు నీళ్లు రెండు నెలల ముందుగాల నోటీసు ఇచ్చి వచ్చినయా?"

"కానూను పెద్దమ్మా."

"కానూను వాళ్లకేనా? మాకు లేదా?"

నోటీసు ఎందుకో నాకు తెలుసు. కోర్టుకెక్కక ముందే సర్కారు తన తప్పు తాను సరిచేసుకునే వీలు కల్పించడానికట. బాగానే ఉంది. నాలుగేళ్లు ఆమె మోసిన అర్జీలు మరేమిటి? అవి తెల్లకాగితం మీద ఉన్నాయి, ఫలానా సెక్షను కింద అని పైన రాసి లేదు. అదీ తేడా.

నోటీసు ఇచ్చాం. రెండు నెలలు ఆగాం. ఆ రెండు నెలలూ ముప్పై ఇళ్లు నీళ్లలోనే ఉన్నాయి. మళ్లీ దావా వేశాం.

వాయిదా ఉన్న రోజున పెద్దమ్మ పొద్దున్నే పాసింజరెక్కి వచ్చేది. చేతిలో యూరియా సంచి. అందులోని ప్లాస్టిక్ కవరులో కోర్టు కాగితాలు, ఆపైన సద్ది మూట, వాటి మీద నాకోసం నాలుగు బెండకాయలో, గుప్పెడు పచ్చిమిరపకాయలో. చదువు రాకపోయినా ఏ కాగితం ఏదో ఆమెకు తెలుసు. "గీ మూల చినిగింది నోటీసు. గుండ్రం మొహరున్నది దావా. గీ పసుపంటింది వకాల్తు" అని చకచకా తీసి ఇచ్చేది. వకీలు సారు ఫైలులో దొరకని కాగితం చాలాసార్లు యూరియా సంచిలో దొరికింది. వరండాలో బల్ల ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. నా షెడ్డులో, మిషను బల్ల పక్కన, కింద కూర్చుని నేను పారేసిన కార్బన్లు ఏరి సాపు చేసి పెట్టేది. "నీ మిషను గింత లొల్లి చేస్తది గని సర్కారు చెవుల పడ్తలేదేందే?" అని నన్ను ఆటపట్టించేది. వాయిదా పడితే విసుక్కునేది కాదు. కోర్టు జవానును "కొడుకా, మళ్ల ఎన్నడు?" అని అడిగి, తారీఖును పున్నమికి ఇన్ని రోజులు, అమాసకు ఇన్ని రోజులు అని లెక్క చూసుకుని వెళ్లిపోయేది.

ఆ రెండో దావాలో మా వకీలు సారు మంచి పనొకటి చేశాడు. ఎవరినైనా పంపి ఆ నీళ్లు చూసి రమ్మనండి అని కోర్టుకు దరఖాస్తు పెట్టాడు. ముందు ఈమెకు దావా వేసే హక్కు ఉందో లేదో తేలనీయండి, నీళ్ల సంగతి తర్వాత అన్నారు. సరే, హక్కు తేల్చే రోజు వచ్చింది. పెద్దమ్మ బోనులో నిలబడింది. కొంగు నిండా కప్పుకుని, రెండు చేతులూ కట్టుకుని.

సర్కారు వకీలు ఏ మాత్రం గొంతు పెంచకుండా అడిగాడు. "నీ భర్త పేరేందమ్మా?"

పెద్దమ్మ తల దించుకుంది.

"చెప్పు. నీ భర్త పేరు?"

"గా కాయితంల ఉన్నది గద సారూ."

"కాయితంల ఉన్నది మాకు తెలుసు. నువ్వు చెప్పాలె."

ఆమె నా వైపు తిరిగింది. "బిడ్డా, జర నువ్వు చెప్పు."

నేను లేచాను. సాక్షి తప్ప ఎవరూ మాట్లాడొద్దని జడ్జి సారు గద్దింపు. కూర్చున్నాను. అప్పుడు కూర్చోకుండా ఉండాల్సింది, ఏం చేసేవాళ్లు నన్ను!

ఈ కాలం పిల్లలకు తెలుసో లేదో, మా వైపు ఆడవాళ్లు పెనిమిటి పేరు పలకరు. బతికున్నా పలకరు, పోయినా పలకరు. కంట్రోల్ దుకాణం ముందు రేషన్ లైనులో నిలబడితే చూడాలి తమాషా. డీలరు పేరడగ్గానే ఈమె మొగుడి పేరు ఆమె చెప్తుంది, ఆమె మొగుడి పేరు ఈమె చెప్తుంది. డీలరు నవ్వడు, కోప్పడడు, రాసుకుంటాడు. ఎందుకంటే అతనూ ఈ ఊరివాడే, అతనికీ ఒక తల్లి ఉంది. మరి ఆ సర్కారు వకీలుకు లేదా? ఆయనదీ ఇక్కడే. వాళ్లమ్మ ఏనాడైనా వాళ్ల నాయన పేరు పెట్టి పిలిచి ఉంటుందా? ఆయనకు తెలుసు. తెలిసే అడిగాడు. ఈమె నోరు ఎక్కడ ఆగిపోతుందో చూసుకుని, సరిగ్గా అక్కడే అడిగాడు. ఛీ! అదీ ఒక తెలివేనా?

మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ పెద్దమ్మ నేల చూసింది. "భర్త పేరు చెప్పలేకపోయింది" అని రాసుకున్నారు. పట్టా పెదనాన్న పేరున ఉంది. ఆయన భార్య ఈమే అనడానికి మేం చూపించాల్సింది రేషన్ కార్డు. ఆ కార్డు కిందటేడు నీళ్లలో పెట్టెతో పాటు నాని, ముట్టుకుంటే చేతికి పిండిలాగా వచ్చింది. ఊరిపెద్దను సాక్ష్యానికి పిలిపించాలని మా వకీలు సారుకు తోచలేదు. పేరు అడుగుతారని ఆమెకు ముందే చెప్పి పెట్టాలని నాకు తోచలేదు. మనందరికీ తెలిసిన సంగతే కదా అనుకున్నాం. కోర్టుకు ఏదీ తెలియదని మాకు తెలియలేదు.

తీర్పు వచ్చింది. షెడ్డులో కూర్చుని తెలుగులో చదివి చెప్పాను. తాను పట్టాదారు భార్యనని వాది రుజువు చేసుకోలేదు, కనుక ఈ దావా వేసే అర్హత ఆమెకు లేదు, కనుక మిగతా సంగతుల్లోకి పోనక్కర లేదు.

"నీళ్ల సంగతి ఏడున్నదో గది సదువు" అన్నది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా."

"మంచిగ చూడు."

"చూసిన. లేదు."

"గింత పొడుగు కాయితంల నీళ్లే లెవ్వా?" అని కాగితం తీసుకుని, తనకు చదువొచ్చినట్టు పై నుంచి కింది దాకా వేలు పెట్టి చూసింది. తర్వాత మడిచి యూరియా సంచిలో పెట్టుకుంది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "ఊకో. సద్ది తిందాం పా" అన్నది.

ఆ రోజు మా ఇంట్లో అమ్మ ఆమెను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. "సచ్చిపోయిన మనిషి పేరు చెప్తే ఏం కొంప మునుగుతదే అక్కా?"

"కొంప మునిగే ఉన్నది గదనే!" అన్నది పెద్దమ్మ. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే అమ్మ కళ్లు తుడుచుకుంది. కాసేపటికి పెద్దమ్మే నెమ్మదిగా చెప్పింది. "ఆయన బతికినన్ని రోజులు పేరు వెట్టి పిల్వలే. గిప్పుడు పోయి, గా నల్లకోటోని ముందర నిలవడి పిలుస్తనా? ఆయన ఏమనుకుంటడు? ఇంట్ల ఇయ్యని ఇజ్జతు, బజార్ల ఏమిస్తా?"

మూడో దావా వేద్దామని అన్నది ఆమే. నేను వద్దన్నాను. "నీకేం పోయింది, నీ ఇల్లు మట్టెవాడల ఉన్నది. మా వాడోల్లు ఏడికి పోవాలె?" అన్నది. నిజమే, నాకేం పోయింది. అంతకు ముందు వానాకాలం వాళ్ల వాడలో ఒక బాలింత పరదా కింద పురుడు పోసుకుంది. ఆ చంటిదానికి జ్వరం వస్తే దవాఖానకు ఎత్తుకుపోయింది పెద్దమ్మే. చంటిది దక్కలేదు. అందుకే ఈసారి ఆమె మునుపటిలాగా లేదు. "పేరు చెప్త బిడ్డా. చెప్త. జర టైము ఇయ్యి నాకు" అన్నది.

నిజంగానే నేర్చుకుంది. నమ్ముతారా, అరవై ఏళ్లు దాటిన మనిషి, తన మొగుడి పేరు పలకడం నెలల తరబడి నేర్చుకుంది. నా షెడ్డులో కూర్చుని పెదాలు కదిపేది, గొంతు వచ్చేది కాదు. ఒకనాడు షెడ్డులోకి వస్తూనే సిగ్గుపడుతూ, "నిన్న బర్రెకు చెప్పిన" అన్నది.

"ఏమన్నది?"

"ఏమనలే. మేసుకుంట చెవులాడిచ్చింది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలాగా నవ్వింది. తర్వాత పొయ్యి ముందు చెప్పిందట. తర్వాత ఒట్టి చేనులో నిలబడి గట్టిగా చెప్పిందట. ఈసారి నోటీసు ఇచ్చాం, ఊరిపెద్దను సాక్ష్యానికి సిద్ధం చేశాం, కొత్త రేషన్ కార్డు తీసుకున్నాం. ఏ సందూ విడవలేదనుకున్నాం.

విచారణ రోజున ఆమె ఉతికిన చీర కట్టుకుని, నుదుటికి నీళ్లు అద్దుకుని వచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పిలిచారు. వెళ్లి బోను పక్కన నిలబడింది. కొత్త జడ్జి సారు. సర్కారు వకీలు మాత్రం పాతాయనే. ఆయన లేచి ఈమె వైపు కూడా చూడకుండా చెప్పాడు. ఆ రోడ్డు సర్కారులోనే ఒక ఖాతా నుంచి, అంటే ఒక శాఖ నుంచి, ఇంకో ఖాతాకు మారిపోయిందట. నోటీసు పాత ఖాతాకు వెళ్లిందట. ఇప్పుడు రోడ్డు ఎవరిదో వాళ్లకు నోటీసు లేదు గనుక దావా చెల్లదు.

చూశారా? మేం పంపిన నోటీసు తీసుకున్నవాళ్లు, సంతకం పెట్టినవాళ్లు, రోడ్డు మాది కాదని ఒక్క ముక్క రాసి పంపలేదు. ఏడాది పాటు వాయిదాలకు వచ్చి నోరు మూసుకుని కూర్చుని, ఆఖరి రోజున చెప్పారు. రోడ్డు అంగుళం కదలలేదు, నీళ్లు అంగుళం తగ్గలేదు. మారింది ఆఫీసు బోర్డు. దానికి శిక్ష ముప్పై ఇళ్లకు.

మా వకీలు సారు ఏదో చెప్పబోయాడు. సాక్షిని విచారించాల్సిన పని లేదని, దావా కొట్టేస్తున్నామని అయిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నేను పెద్దమ్మను చెయ్యి పట్టి బయటికి తీసుకురాబోయాను. ఆమె కదల్లేదు. చెయ్యి విడిపించుకుంది. కొంగు సరిచేసుకుని, జడ్జి సారు వైపు తలెత్తి, పెదనాన్న పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. గట్టిగా, హాలు చివరి దాకా వినబడేలా. చెప్పి, "గాయన నా పెనిమిటి" అన్నది.

జడ్జి సారు కాగితాల్లోంచి తలెత్తి, "ఏమంటోంది ఆమె?" అని అడిగాడు.

సర్కారు వకీలు అన్నాడు. "ఏం లేదు సార్."

జవాను తర్వాతి కేసు పిలిచాడు.

నా జీవితంలో ఎన్నో తిట్లు విన్నాను, కోర్టు ముందు బతికేదాన్ని కదా. వాటన్నిటినీ మరిచిపోయాను. ఆ "ఏం లేదు సార్" మాత్రం మరిచిపోలేదు, మరిచిపోను. నలభై ఏళ్లు దాచుకున్న మాటను ఆ తల్లి ఆ హాల్లో బయటపెడితే దాన్ని ఎవరూ రాసుకోలేదు. చెప్పనప్పుడు రాసుకున్నారండీ! చెప్పలేదన్నది రాసుకున్నారు, మొహరు కొట్టారు, దాన్ని చూపించి వెళ్లగొట్టారు. చెప్పినప్పుడు కలం ఎత్తిన మనిషి లేడు.

బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుని, "ఇన్నరా బిడ్డా?" అని అడిగింది.

"ఇన్నరు పెద్దమ్మా."

"రాసుకున్నరా?"

నేను కుళాయి తిప్పి ఆపాను. ఆమెకు అర్థమైంది. షెడ్డులోకి వచ్చాక, "నువ్వన్న కొట్టియ్యి జర" అన్నది. మిషనులో తెల్లకాగితం పెట్టి ఆ పేరు ఒక్కటే కొట్టి ఇచ్చాను. దాన్ని మడిచి యూరియా సంచిలో అన్నిటికంటే పైన పెట్టుకుంది. ఆ పేరు నేనిక్కడ రాయను. చెప్పడానికి ఆమె అంత కష్టపడ్డ పేరును నేను పుణ్యానికి పంచి పెట్టలేను.

తర్వాత అప్పీలు వేశాం. అది వాయిదాల మీద వాయిదాలు పడుతూనే ఉంది. పెద్దమ్మ రావడం మానలేదు. ఆమెకు మోరీ రాలేదు గానీ నాకు పని వచ్చింది ఆమె వల్ల. ఇప్పుడు సర్కారు మీద ఎవరు కాగితం కొట్టించుకోవడానికి వచ్చినా, మిషను మీద చెయ్యి పెట్టక ముందు అడుగుతాను. నోటీసు ఇచ్చారా? ఆ పని ఇవ్వాళ ఏ ఖాతాలో ఉంది, పోయి కనుక్కుని వచ్చారా? పట్టా ఎవరి పేరున ఉంది, ఆయన మీకేమవుతాడని ఏ కాగితం చెప్తుంది? పరకాల నుంచి వచ్చిన ఒక రైతు, చేనులో కరెంటు తీగ చేతికందేటంత కిందికి వేలాడుతోందని దావా వేయబోయాడు. ఇవన్నీ అడిగి రెండుసార్లు తిప్పి పంపాను. విసుక్కున్నాడు. మూడోసారి అన్నీ తెచ్చాడు. అతని కేసు నిలబడింది, తీగ పైకి వెళ్లింది. వకీలుకు దండం పెట్టి నాకు మిఠాయి ఇచ్చాడు. ఆ మిఠాయి పెద్దమ్మకు ఇచ్చి సంగతి చెప్తే, "మంచిగైంది. ఆయన పానం దక్కింది" అని తిన్నది. ఒక్క ముక్క కూడా తన గురించి అనలేదు. వాళ్ల వాడలోనూ అంతే. ఎవరు ఏ ఆఫీసుకు పోతున్నా, "ముందుగాల అది ఎవల ఖాతానో అడుగుండ్రి. నా తీర్గ మోసపోకుండ్రి" అని చెప్పేదట. నష్టపోయిన మనిషి దగ్గర నేర్చుకున్న చదువుతో నేను ఇవాళ అన్నం తింటున్నాను. అందుకు ఆమెకు రుణపడి ఉన్నానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గు పడాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

చావు కబురు విని మేం ఆ ఊరు చేరేసరికి వాన తెరిపి ఇచ్చింది. పరదా కింద చాప మీద పడుకోబెట్టారు. పెదనాన్న తరఫు పాలివాళ్లు, దాయాదులు, కట్టెలు తెచ్చారు గానీ ఎక్కడ పేర్చాలో తెలియక నిలబడ్డారు. పెదనాన్నను కాల్చింది వాళ్ల చేనులోనే. పక్కనే తననూ పెట్టమని ఎప్పుడూ చెప్పేది. చేనులో నడుముల దాకా నీళ్లు. చుట్టుపక్కల ఎక్కడా జానెడు పొడి నేల లేదు, రోడ్డు కట్ట తప్ప. చివరికి కట్ట అంచునే, తారుకు ఇవతల మట్టి మీదనే కాష్టం పేర్చాం. మా అమ్మ వద్దు వద్దని ఏడ్చింది. వేరే దారి లేదు. మూడో రోజున ఆ చోట వాడ ఆడవాళ్లు పది రాళ్లు తెచ్చి గుండ్రంగా పేర్చారు, బస్సు తొక్కకుండా.

పదకొండో రోజు పెద్దకర్మ. వంట అవుతుండగా జీపు వచ్చి ఆగింది. కొత్త ఓవర్సీరు, కుర్రవాడు. చేతిలో నోటీసు, వెనక మైదపిండి జిగురు గిన్నె పట్టుకున్న మనిషి. రోడ్డు అంచున అనుమతి లేకుండా రాళ్లు పేర్చి ఆక్రమించినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో పదిహేను రోజుల్లో చెప్పాలట. అది రాసింది మా పెద్దమ్మకు! నేను తీసుకుని చదివాను. ఆమె పేరు సరిగ్గా ఉంది. కింద, ఫలానా ఆయన భార్య అని ఉంది. పెదనాన్న ఇంటిపేరు, పేరు, ఒక్క అక్షరం తప్పు లేదు. చేను సర్వే నంబరు కూడా ఉంది. ఈమె ఎవరి భార్యో తెలియదని వెళ్లగొట్టిన సర్కారుకు, ఈమె పోయిన పదకొండు రోజులకు అన్నీ తెలిసిపోయాయి.

"ఈమె చనిపోయింది బాబూ. ఈ రాళ్లు ఆమెవే" అన్నాను.

అతని మొహం పాలిపోయింది. "నాకు తెల్వదమ్మా, నేనొచ్చి నెలే ఐతాంది. కాయితం ఇచ్చిండ్రు, తెచ్చిన. మనిషి లేకపోతే ఇంటి తలుపుకు అంటియ్యాలె. రూలు."

"అంటియ్యి సారూ. గదే ఇల్లు" అన్నది వాడ ఆడమనిషి ఒకామె, కట్ట కిందికి చెయ్యి చూపిస్తూ.

అతను చూశాడు. కట్టకూ ఆ ఇంటికీ నడుమ అంతా నీళ్లే. మైద గిన్నె మనిషి నేను దిగనన్నాడు. ఓవర్సీరు మా మొహాలు చూశాడు, జీపు వైపు చూశాడు, బూట్లు విప్పి ప్యాంటు మడుచుకుని, ఒక చేత్తో నోటీసు, ఒక చేత్తో గిన్నె పట్టుకుని దిగాడు. పిక్కలు మునిగాయి. మోకాళ్లు మునిగాయి. నోటీసు చేతిని నెత్తి మీదికి ఎత్తాడు. ఇంకో నాలుగడుగులకు గిన్నె చేతినీ ఎత్తాడు. సగం దూరంలో ఆగి, వెనక్కి తిరగకుండానే అరిచాడు. "ఇంక లోతుంటదా?"

"నడుముల దాక వస్తది సారూ. మెల్లగ పోండ్రి" అని కట్ట మీద నుంచి ఎవరో చెప్పారు. ఎవరూ నవ్వలేదు. పన్నెండేళ్లలో ఆ నీళ్లలోకి దిగిన మొదటి సర్కారు మనిషి, రెండు చేతులూ పైకెత్తుకుని, ముందుకు పోవాలో వెనక్కి రావాలో తేలక, చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.